దూరాన్ని తగ్గించినవారు: డిచ్‌పల్లి మొదలు జుక్కల్ వరకు

జుక్కల్ పేరు చెప్పగానే చరిత్ర మీద మక్కువ గలవారికి కౌలాస్ కోట స్ఫురిస్తుంది. రాజకీయాలు పట్టించుకునేవారికి ఒక రిజర్వుడు శాసనసభా నియోజకవర్గం స్ఫురిస్తుంది. తక్కినవారికి ఏదీ స్ఫురించదు. అందులో వారి తప్పేమీ లేదు. ఇది అంచున ఉన్న ఊరు. ఒక దిక్కున మహారాష్ట్రలోని దెగ్లూరు, మరొక దిక్కున కర్ణాటకలోని బీదరు జిల్లా. మా వైపు సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై, మరాఠీలో సాగి, కన్నడంలో తెగడం వింత కాదు. నడుమ రెండు ఉర్దూ మాటలు దొర్లకపోతేనే వింత.

ఈ అంచుతనం నిన్న మొన్నటిది కాదు. నిజాం రాజ్యంలో జుక్కల్ నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోని భాగం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం చేసినప్పుడు దెగ్లూరు తాలూకా నుండి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను, అదే నాందేడు జిల్లాలోని ముధోలు తాలూకా నుండి ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్ళను విడదీసి తెలుగువారి రాష్ట్రంలో కలిపారు. ఆ విధంగా 1956 నవంబరు 1 నుండి మేము నిజామాబాదు జిల్లావారమైనాము. 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లావారమైనాము. ఊరు ఉన్నచోటనే ఉంది. జిల్లా కేంద్రం మాత్రం మూడు పట్టణాలు మారింది.

ఈ భూగోళ పాఠం ఎందుకంటే, నా దగ్గర చదువుకొని ఇప్పుడు పట్నంలో ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు ఈమధ్య ఒక ప్రశ్న వేశాడు. "మన వైపు వికలాంగులకు ఏదైనా సేవ చేయాలని ఉంది సార్, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. ఒక చిరునామా చెప్పి ఊరుకుంటే సరిపోయే ప్రశ్న కాదిది. ఇటువంటి పని ఇదివరకు మా ప్రాంతంలో ఎవరు చేశారు, ఎట్లా చేశారు, ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని తరచి చూస్తే తప్ప జవాబు దొరకదనిపించింది. చూడగా చూడగా ఒక సంగతి తేటపడింది. మతం ఏదైనా, కాలం ఏదైనా, నిలిచే పని చేసినవారందరూ చేసినది ఒక్కటే. కష్టంలో ఉన్న మనిషికీ, అతనికి అందవలసిన సాయానికీ నడుమ ఉన్న దూరాన్ని తగ్గించారు. ఈ టపాలో చెప్పదలచుకున్నది ఆ చరిత్రే.

*

పండితుణ్ణి గనుక ముందు ఒక పాత గ్రంథం మాట. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, ఆపదలో పడినవారిని, దిక్కులేనివారిని పోషించే బాధ్యత రాజుదేనని ఉంది. ఇది చాలామంది ఎరిగినదే. అంతగా ప్రచారంలో లేనిది మూడవ అధికరణంలోని వాక్పారుష్య ప్రకరణం. గుడ్డివాణ్ణి గుడ్డివాడా అని, కుంటివాణ్ణి కుంటివాడా అని పిలిచి అవమానిస్తే, అన్న మాట నిజమే అయినా మూడు పణాల జరిమానా. లేని లోపాన్ని అంటగడితే ఆరు పణాలు. ఇక చూపు లేనివాణ్ణి "అందమైన కన్నులవాడా" అని మెచ్చుకుంటున్నట్లు ఎగతాళి చేస్తే పన్నెండు పణాలు. దీనికి అక్కడ పెట్టిన పేరు స్తుతినింద. తిట్టు కన్న బూటకపు పొగడ్తకు నాలుగింతల శిక్ష వేసిన ఆ ధర్మజ్ఞత నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

మాటల ప్రసక్తి వచ్చింది గనుక మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో సూచించిన తరువాత "దివ్యాంగులు" అనే మాట ప్రభుత్వ వ్యవహారంలో స్థిరపడింది. సద్భావంతోనే ఆ మాట వాడేవారు ఎందరో ఉన్నారు. అయినా వికలాంగుల హక్కుల సంఘాలు కొన్ని దానికి అభ్యంతరం చెప్పాయి. మాకు దివ్యత్వం అంటగట్టవద్దు, సమానత్వం ఇస్తే చాలు అన్నది వారి వాదన సారాంశం. అర్థశాస్త్రం చదివినవాడికి ఆ అభ్యంతరంలోని నొప్పి సులభంగానే అర్థమవుతుంది. నేను ఈ వ్యాసంలో వికలాంగులు అనే పాత మాటనే వాడుతున్నాను. దానికన్న మంచి మాట వారే ఎంచుకుంటే శిరసావహిస్తాను.

*

ఇక మా జిల్లా చరిత్ర. నేడు డిచ్‌పల్లి అంటే ప్రాచీన రామాలయాన్ని, 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయాన్ని చెబుతారు. నూరేళ్ళ నాడు ఆ ఊరి పేరు సముద్రాల అవతల కూడా తెలియడానికి కారణం వేరు. అది కుష్ఠు వైద్యశాల.

1903లో స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పుచ్చుకున్న ఐసబెల్ కెర్ అనే వైద్యురాలు, 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠు రోగులు ఎక్కువగా ఉన్నారని, వారికి ఎటువంటి ఏర్పాటూ లేదని గమనించింది. 1911లో నిజామాబాదులో ఒక చిన్న కేంద్రం తెరిచింది. వచ్చేవారి సంఖ్య ముందు ఆ కేంద్రం చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడు అనే సంపన్నుడైన హిందువు పెద్ద విరాళం ఇచ్చాడు. ఆ ధనం ఆసరాతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు వైద్యశాల వెలసింది. ముస్లిం పాలకుని రాజ్యంలో, హిందూ దాత ధనంతో, క్రైస్తవ వైద్యురాలి చేతులతో ఏర్పడిన ధర్మసంస్థ అది. మతసామరస్యం మీద నేను విన్న ఎన్నో ఉపన్యాసాల కన్న ఈ ఒక్క వాక్యం బరువైనదని నా నమ్మకం.

ఆనాటి స్థితి ఎటువంటిదో తెలిస్తేనే ఆ పని విలువ తెలుస్తుంది. బ్రిటిషు ఇండియాలో 1898లో కుష్ఠురోగుల చట్టం చేశారు. వీధుల్లో బిచ్చమెత్తుకునే పేద రోగిని వారంటు లేకుండా పట్టుకొని ఆశ్రమంలో నిర్బంధించడానికి ఆ చట్టం వీలు కల్పించింది. ఇంటిపట్టున ఉండగలిగిన ధనిక రోగి జోలికి పోలేదు. అనగా చట్టం భయపడినది జబ్బుకు కాదు, పేదరికం కంటబడటానికి. ఆ చట్టం కేంద్రం పుస్తకాల్లో నుండి పూర్తిగా తొలగినది 2016లో. హైదరాబాదు రాజ్యం ఆ చట్టం పరిధికి వెలుపలిదే గాని, లోకుల భయానికి సరిహద్దులు లేవు గదా.

జుక్కల్ వంటి ఊరినుండి ఆ రోజుల్లో ఒక రోగి డిచ్‌పల్లి చేరుకోవడం అంటే ఏమిటో ఊహించండి. నిజామాబాదు మీదుగా మన్మాడు పోయే రైలుదారిలో డిచ్‌పల్లికి స్టేషను ఉన్నది గాని, మా వైపుకు రైలు లేదు. ఇప్పటికీ లేదు. చేతివేళ్ళు వంకర్లు పోయిన మనిషిని బండి ఎక్కించుకోవడానికి జంకే కాలం. కాళ్ళలో స్పర్శ లేనివాడు కాలినడకన బయలుదేరితే, ముల్లు గుచ్చుకున్నా తెలియదు, రాయి కోసినా తెలియదు. మందు దొరికే చోటికి నడిచే నడకే పుండును పెంచుతుంది. దూరం అనేది రోగానికి తోడైన మరొక రోగం.

చేరుకున్న తరువాత మాత్రం? ఆ తొలినాళ్ళలో ఏ దేశంలోని కుష్ఠు ఆశ్రమమైనా వెళ్ళినవాడు తిరిగిరాని చోటే. ఇంటివారు దుఃఖించి, ఆ తరువాత మరిచిపోవడం అలవాటు చేసుకునేవారు. తలదాచుకోవడానికి చోటు దొరికింది, ఊరు పోయింది. ఒక దూరం తగ్గి మరొక దూరం పెరిగింది.

*

ఈ కథను మలుపు తిప్పినది ఒక నూనె. మన అడవుల్లో అడవి బాదం అనే చెట్టు ఉన్నది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో తువరకం అనే పేరుతో చెప్పినది ఈ జాతి చెట్టునే. దాని గింజల నూనెను కుష్ఠుకు ఔషధంగా పూర్వులు వాడారు. తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేంతటి వికారమైన నూనె. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దీనిని సూదిమందుగా ఎక్కించే పద్ధతులు వచ్చాయి. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఎర్నెస్ట్ మ్యూర్ అనే వైద్యుడు ఈ చికిత్సను తీర్చిదిద్దాడు. ఐసబెల్ కెర్ ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో అమలుపరచింది. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో ఆమె మరణించింది. ఆమె తరువాతి తరంలో డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లోవ్ అనే వైద్యుడు, ఆ పిమ్మట ఆఫ్రికాలోని నైజీరియాకు పోయి, డాప్సోను అనే మాత్ర కుష్ఠుకు పనిచేస్తుందని నిరూపించినవారిలో ఒకడయ్యాడు. డిచ్‌పల్లి వైద్యశాల ఈనాటికీ మెదక్ అధ్యక్ష మండలంలోని దక్షిణ ఇండియా సంఘం ఆధ్వర్యంలో ఉన్నది.

అడవి బాదం నూనె పూర్తి విరుగుడు కాదని తరువాతి శాస్త్రం తేల్చింది. అయినా అది ఒక గొప్ప మేలు చేసింది. రోగి మందుకోసం వచ్చి, తిరిగి ఇంటికి పోవచ్చునన్న ఊహను పుట్టించింది. మ్యూర్ అక్కడితో ఆగలేదు. ప్రచారం, చికిత్స, సర్వే అనే మూడు పనులూ కలిపి ఊళ్ళకే పోవాలన్నాడు. రోగి వైద్యుని వెతుక్కోవడం కాదు, వైద్యుడే రోగిని వెతుక్కోవాలి. స్వాతంత్ర్యం తరువాత 1955లో మొదలైన జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం ఈ బాటలోనే నడిచింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 1983 నుండి మన దేశంలో నిర్మూలన కార్యక్రమం అమలైంది. 2005 డిసెంబరు నాటికి పదివేల మందిలో ఒకరికన్న తక్కువ అనే లక్ష్యాన్ని దేశం మొత్తం మీద చేరుకున్నాము. ఆరు నెలలో, ఏడాదో ఉచితంగా మాత్రలు మింగితే నయమయ్యే జబ్బుగా అది మారింది.

కాని ఇక్కడొక మెలిక ఉంది. మాత్ర క్రిమిని చంపుతుంది, చచ్చిన నరాన్ని బ్రతికించదు. ఆలస్యంగా మందు అందినవారికి జబ్బు పోయి వైకల్యం మిగులుతుంది. వేళ్ళు కుళ్ళి రాలిపోతాయన్నది లోకులు నమ్మే మాట. 1940ల చివరి నుండి వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు చేసిన పరిశీలన వేరు. నొప్పి తెలియనందువల్ల కాలిన గాయాలను, కోసుకున్న గాయాలను పట్టించుకోకపోవడమే చేతులను, కాళ్ళను తినివేస్తుందని ఆయన చూపించాడు. నొప్పి అనేది శరీరానికి కావలివాడు. ఆ కావలివాడు లేని పాదానికి మరొకరి కన్ను కావాలి. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, సేవ గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

*

జబ్బు దూరం తగ్గినంత త్వరగా మనసుల దూరం తగ్గలేదు. 1939లో సేవాగ్రాం ఆశ్రమానికి పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితుడు కుష్ఠురోగంతో వచ్చాడు. గాంధీగారు ఆయనకు తన కుటీరం దగ్గరనే బస ఏర్పాటు చేయించి, స్వయంగా ఒళ్ళు మర్దనా చేసేవారు. నిర్మాణ కార్యక్రమంలో కుష్ఠురోగుల సేవను ఒక అంశంగా చేర్చారు. ఆయన మరణించిన జనవరి 30ని మన దేశం కుష్ఠు నివారణ దినంగా పాటిస్తున్నది.

తెలుగునాట ఆ బాటలో నడిచినవారిలో వనపర్తి సంస్థానపు కోడలు రాణి కుముదినీదేవి ఒకరు. 1958లో హైదరాబాదు శివారు కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. 1962లో హైదరాబాదు నగరానికి మొదటి మహిళా మేయరు అయినదీ ఆవిడే. సంస్థానపు రాణి కుష్ఠు రోగుల నడుమ కూర్చున్న దృశ్యం వంద కరపత్రాల పెట్టు.

చట్టం మనసు మారడానికి ఇంకా చాలాకాలం పట్టింది. జీవిత భాగస్వామికి కుష్ఠు ఉన్నదన్న కారణంతో విడాకులు కోరవచ్చునన్న నిబంధన మన వివాహ చట్టాలలో 2019 వరకు ఉండినది. ఆ ఏడు చేసిన సవరణతో తొలగింది. ఏడాది మాత్రలతో నయమయ్యే జబ్బుకు జీవితకాలపు శిక్ష అన్నాళ్ళు నిలిచింది.

*

ఇప్పుడు మరొక దూరం కథ, ఇది చూపుకు సంబంధించినది. పైన చెప్పిన ముధోలును మీరు మరిచిపోలేదనుకుంటాను. 1956లో మాతోపాటే నాందేడు నుండి విడివడి ఆదిలాబాదు జిల్లాలో చేరిన ప్రాంతం అది. ఇప్పుడు నిర్మల్ జిల్లా. 1987లో హైదరాబాదులో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ, పల్లెలకోసం తన తొలి ద్వితీయ శ్రేణి కేంద్రాన్ని 1996లో ఈ ముధోలులోనే స్థాపించింది. పట్నానికి దూరమైన అంచు ఊరిని వెతికి మరీ ఎంచుకున్నారు.

ఆ సంస్థ కట్టుకున్న వ్యవస్థ నాకు ఒక గోపురంలాగా కనిపిస్తుంది. శిఖరాన నగరపు పెద్ద ఆసుపత్రి. దాని క్రింద ముధోలు వంటి శస్త్రచికిత్స కేంద్రాలు. వాటి క్రింద కళ్ళజోళ్ళు ఇచ్చే చిన్న కేంద్రాలు. అన్నిటికీ అడుగున, ఐదు వేల జనాభాకు ఒకరు చొప్పున విజన్ గార్డియన్ అనే ఊరి మనిషి. ఎవరికి చూపు మందగించిందో, కళ్ళజోడు ఇచ్చాక పెట్టుకుంటున్నారో లేదో కనిపెట్టేది ఆ మనిషే. శిఖరం ఎంత మెరిసినా గోపురాన్ని మోసేది పునాది. అక్కడ కావలసినది పెద్ద చదువు కాదు, ఊరి వాకిళ్ళు ఎరిగి ఉండటం.

*

మరి ప్రభుత్వం? 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసి ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు ఆ ఏడింటిలోనే ఉన్నారు. 2016 నాటి కొత్త చట్టం ఆ ఏడింటిని ఇరవై ఒకటి చేసింది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. నలభై శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపడితే రిజర్వేషన్లు మొదలైన ప్రత్యేక సౌకర్యాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు. పింఛను సంగతి చూస్తే, తెలంగాణలో 2014లో ఆసరా పథకం క్రింద నెలకు 1,500 రూపాయలతో మొదలై, 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2000లో ఆరు వెనుకబడిన జిల్లాలలో వెలుగు పథకం మొదలై, తరువాత తక్కిన జిల్లాలకు వ్యాపించి, ఇందిరా క్రాంతి పథంగా పేరు మార్చుకున్నది. మహిళా సంఘాల సంగతి అందరికీ తెలుసు. ఆ పథకంలోనే వికలాంగులు తమకు తాము సంఘాలుగా ఏర్పడటం అంతగా ప్రచారం కాలేదు. అది చిన్న మార్పు కాదు. అంతవరకు ఒకరు ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకునేవారు. సంఘం ఏర్పడ్డాక పుచ్చుకునేవారు అడిగేవారయ్యారు. మా గురించిన నిర్ణయం మేము లేకుండా చేయవద్దు అన్న ప్రపంచ వికలాంగ ఉద్యమ నినాదం, మన పల్లెల్లో చాపమీద కూర్చున్న పదిమంది నోట పలికింది.

ఇన్ని ఉన్నాయి గదా, ఇక లోటేమిటి అని మీరు అడగవచ్చు. లోటు ఆ చివరి కొసలో ఉంది. చట్టం ఢిల్లీలో ఉంటుంది, ధ్రువపత్రం ఇచ్చే వైద్యుల బృందం పట్టణంలో ఉంటుంది, మనిషి జుక్కల్ మండలంలోని ఒక తండాలో ఉంటాడు. దరఖాస్తు ఆన్‌లైనులో, అదీ తెలుగులోనో ఇంగ్లీషులోనో. ఇంట్లో మాట్లాడేది మరాఠీయో, కన్నడమో, లంబాడీయో. పిల్లవాణ్ణి ఎత్తుకొని రెండు బస్సులు మారి పోవాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. అక్కడ ఒక కాగితం తక్కువైందంటే మరొక రోజు. మూడవసారి ఆమె పోదు. కాగితాల్లో ఆమె "హాజరు కాలేదు" అవుతుంది. కుష్ఠు నయమైన ముసలివాడైతే అసలు బయలుదేరనే బయలుదేరడు. ఆ పేరు కాగితం మీద పడితే మనుమరాలి పెళ్ళి చెడుతుందని భయం. నూరేళ్ళనాటి కాలినడక ఈనాడు ఈ రూపంలో మిగిలింది.

*

కనుక నా శిష్యుని ప్రశ్నకు జవాబు ఇది. సేవకు చోటు ఎక్కడ అంటే, ఆ చివరి కొసలో. కొన్ని పనులు పేరుపేరునా చెబుతాను.

మొదటిది, తోడు పోవడం. వైకల్య నిర్ధారణ శిబిరానికి ఒక మనిషి వెంట పోయి, కాగితాలు ముందే సరిచూసి, వైద్యుడు అడిగినది వారి భాషలో చెప్పి, సాయంత్రం ఇంటికి దింపి రావడం. పదివేల రూపాయల విరాళం కన్న ఆ ఒక్క రోజు విలువైనది. మా వంటి మూడు భాషల ప్రాంతంలో మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన యువకుడు నడిచే వంతెన వంటివాడు.

రెండవది, పరీక్ష వ్రాయడం. చూపు లేనివారు, చేయి సహకరించనివారు పరీక్షలో లేఖకుణ్ణి పెట్టుకోవచ్చు. 2013లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనపు సమయం కూడా ఉంది. 2018 సవరణ తరువాత లేఖకుని చదువు అభ్యర్థి చదువు కన్న ఒక మెట్టు తక్కువగా ఉండాలన్నారు. పల్లెల్లో పరీక్ష ముందునాడు లేఖకుని కోసం పరుగులు పెట్టే తల్లిదండ్రులను ఉపాధ్యాయునిగా ఎరుగుదును. ఊరి యువకులు పదిమంది ముందుగానే పేర్లు వ్రాసి ఇస్తే ఆ పరుగులు తప్పుతాయి. అయితే లేఖకుడు వ్రాసేది తన తెలివి కాదు, అభ్యర్థి తెలివి. చెప్పినది చెప్పినట్లు వ్రాయడం కూడా ఒక విద్యయే. వ్యాసుడు చెబుతూ ఉంటే విఘ్నేశ్వరుడు వ్రాశాడన్న కథ మనకు ఉండనే ఉంది గదా.

మూడవది, పాదాలు చూడటం. కుష్ఠు నయమై స్పర్శ పోయినవారు రోజూ పాదాలను నీటిలో నానబెట్టి, నూనె రాసి, పగుళ్ళు, పుండ్లు ఉన్నాయేమో చూసుకోవాలి. మెత్తని మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులు వాడాలి. చూపు కూడా తగ్గిన ముసలివారికి ఈ పరీక్ష ఎవరు చేస్తారు? వారానికి ఒకసారి ఇంటికి పోయి పాదం చేతిలోకి తీసుకొని చూసే మనిషి, పోయిన నొప్పికి బదులుగా కావలి కాసినవాడవుతాడు. ముట్టుకున్నందువల్ల అతనికి ఏమీ కాదు. అది చూసిన ఇరుగుపొరుగుకు మాత్రం కొంత భయం వదులుతుంది.

నాలుగవది, పిల్లల దగ్గర కూర్చోవడం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం మండలాలలో భవిత కేంద్రాలు ఏర్పాటయ్యాయి. మేధోవైకల్యం ఉన్న పిల్లలతో ఎట్లా మెలగాలో నేర్పడానికి 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అక్కడ నేర్చినది ఇక్కడి వసారాలోకి తేవడానికి మనిషి కావాలి. బొత్తాము పెట్టుకోవడం నేర్పడానికి నాలుగు నెలలు పట్టవచ్చు. నాలుగు నెలలు వచ్చేవారే రావాలి. ఒక పూట వచ్చి మిఠాయి పంచి పోయేవారి వల్ల పిల్లలకు మిఠాయి అందుతుందే గాని బొత్తాము పెట్టుకోవడం రాదు.

అన్నిటికన్న ముందు చేయవలసినది, అడగడం. మూడు చక్రాల బండి ఇచ్చారు, ఫొటో తీసుకున్నారు, పోయారు. ఇంటి గడప దాటదు, వీధి రాళ్ళ మీద నడవదు. ఏడాది తిరిగేసరికి కోళ్ళు ఎక్కి కూర్చుంటాయి. ముందే ఆ మనిషిని అడిగి ఉంటే, "గడప దగ్గర కొంచెం మట్టి పోసి చదును చేయించండి, కర్ర సాయంతో నేనే పోతాను" అని ఉండేవాడేమో. అడగకుండా ఇచ్చే దానంలో దాత ముఖమే కనబడుతుంది. పన్నెండు పణాల జరిమానా ఇటువంటి చోట కూడా వేయవచ్చునేమో కౌటిల్యుని పండితులు చెప్పాలి.

*

చరిత్ర చదువుతున్నప్పుడు మనకు పెద్ద పేర్లే కంటబడతాయి. వైద్యురాలి పేరు దొరికింది, దాత పేరు దొరికింది. రోగిని భుజం పట్టి డిచ్‌పల్లి దాకా నడిపించిన అన్న పేరో, మేనమామ పేరో ఏ పుస్తకంలోనూ ఉండదు. అటువంటివారు లేకపోతే ఆ వైద్యశాల మంచాలు ఖాళీగా ఉండేవి. జుక్కల్‌లో గాని, ఇటువంటి మరే అంచు ఊరిలో గాని ఈనాడు కావలసినది ఆ రెండవ రకం మనుషులు. ఆసుపత్రి కట్టగలవారు కోటికొక్కరు. భుజం పట్టి నడిపించగలవారు ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారికి ఆ పని కూడా సేవేనని ఎవరూ చెప్పలేదు, అంతే.

చదువరులలో ఆదిలాబాదు, పాలమూరు, శ్రీకాకుళం, చిత్తూరు వైపులవారు ఉన్నారు. మీ జిల్లాలలో ఇటువంటి వైద్యశాలలు, బడులు, సంఘాలు, అన్నిటినీ మించి పేరు లేని ఆ రెండవ రకం మనుషులు ఉండే ఉంటారు. వారి సంగతులు తెలిసినవారు వ్రాయండి. పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసుకోండి. ఇందులో నేను చెప్పిన పనుల కన్న మేలైన పని మీ ఎరుకలో ఉంటే తప్పక తెలుపగలరు, ఇక్కడి కుర్రవాళ్ళకు చేరవేసే బాధ్యత నాది.